నోటీసు బోర్డు వెనక గోడ

మేస్త్రి చాచా పోయాడు. శుక్రవారం పొద్దున దుకాణం షట్టర్ సగం ఎత్తి, వంగి లోపలికి దూరుతుంటే ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అబ్బా పోయిండక్కా. జుమ్మా నమాజ్ అయినంక తీస్కపోతం" అన్నాడు. నేను "అట్లనా" అన్నాను. చావు కబురుకు అదేం జవాబో నాకిప్పటికీ తెలియదు. మిగతా సగం ఎత్తకుండానే లోపల స్టూలు మీద కూలబడ్డాను. షట్టర్ కింద నుంచి చూస్తే రోడ్డవతల పాత సర్కారు కచేరీ గోడ అడుగు భాగం ఒక్కటే కనిపిస్తోంది. ఆయన రోజూ వచ్చి చూసుకునేది కూడా ఆ అడుగు భాగాన్నే.

సిద్దిపేటలో ఇల్లు కట్టుకున్న వాళ్ళకు ఆయన్ను పరిచయం చెయ్యనక్కర్లేదు. ఇంటికి చుట్టాలొస్తే "గిది చాచా చెయ్యి పడ్డ గోడ" అని చూపించుకునేవాళ్ళు నాకు తెలుసు. మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. ఆయన మేస్త్రి, వాళ్ళ నాన్న మేస్త్రి, తాత కూడా మేస్త్రే, ఇప్పుడు కొడుకుదీ అదే పని. నాది కచేరీ ఎదురుగా టైపింగు, జిరాక్సు దుకాణం. పదేళ్ళుగా పొద్దున మొదటి చాయ్ ఆయనా నేనూ కలిసే తాగాం.

ఆ చాయ్ తాగడం ఒక తతంగం. సాసర్లో పోసి బల్ల మీద పెట్టి కాసేపు కన్నార్పకుండా చూసేవాడు. చాయ్ ఒక పక్కకు ఒరిగిందంటే బల్ల సమంగా లేదన్నమాట. నేను పాడుచేసిన జిరాక్సు కాగితం మడిచి బల్ల కాలు కింద పెట్టి, మళ్ళీ చూసి, అప్పుడు తాగేవాడు. ఎవరి ఇంటికి పోయినా ముందు గోడకు చెయ్యి ఆనించేవాడు, అదీ అరచెయ్యి కాదు. "అరచెయ్యి అబద్ధం చెప్తది బిడ్డా, దాంట్ల మన చెమటనే ఉంటది. చెయ్యి మర్లేసి పెట్టు" అని నాకూ నేర్పాడు. చేతి వెనక భాగం గోడకు ఆనిస్తే లోపల తడి ఉందో లేదో తెలిసిపోతుందట. నా దుకాణం గోడకు పెట్టి చూసి "ఏడుస్తున్నది, ఓనరుకు చెప్పు" అన్నాడు ఒకసారి. చెప్తే, అది నా ప్రింటర్ వేడివల్ల అని ఓనరు అన్నాడు. చాచా ఆ మాటకు దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

ఇక అసలు సంగతి. రెండు వానాకాలాల కింద కచేరీ వరండాలో ఉన్న పెద్ద చెక్క నోటీసు బోర్డుకు ఒక కాగితం అంటించారు. నిజాం కాలపు ఆ కచేరీనీ, పక్కన ఉన్న రెండు గదుల ముసాఫిర్‌ఖానానూ కూలగొట్టి ఆ జాగాలో కొత్త మ్యూజియం కడతారట. మన పాత నాగళ్ళు, మగ్గాలు, రాగి బిందెలు అందులో పెడతారట. అభ్యంతరాలు ఉన్నవాళ్ళు రాతపూర్వకంగా ఇవ్వాలట. పాతవి దాచడానికి పాతదాన్నే కూల్చడం ఏమిటని ఊళ్ళో జనం తిట్టిపోశారు. ముసాఫిర్‌ఖానా అంటే నాకు మరీ ప్రాణం. కొమురవెల్లి మల్లన్న దగ్గరికి పోయే వాళ్ళు బండ్లు అక్కడ ఆపుకుని మూడు రాళ్ళ మీద వండుకునేవాళ్ళని మా అమ్మ చెప్పేది.

కచేరీకి కాస్త అవతలే తెలంగాణ కోసం రిలే దీక్షల టెంటు ఉంది. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పొద్దంతా అక్కడ ఇదే చర్చ. "మనల్ని అడగకుండ మన గోడలు కూలగొట్టి, మన చరిత్ర మనకే చూపిస్తరా?" అని కొందరు. "నిజాం కచేరీ పోతే ఏడ్చుడేంది? మా తాతను పన్ను కోసం గీ వరండలనే ఎండల నిలవెట్టిన్రు" అని ఇంకో పెద్దాయన. చాచా నడుముకు చుట్టిన దట్టీ సర్దుకుంటూ మెల్లగా అన్నాడు. "ఎవలు కట్టిచ్చిన్రో చూడకు పటేలా, ఎవలు కట్టిన్రో చూడు. మీ తాతను నిలవెట్టినోడు గీ రాయి మొయ్యలే. మా తాత మోసిండు." పెద్దాయన మర్నాడు నా దుకాణానికి వచ్చి అభ్యంతరం మీద సంతకం చేశాడు.

అభ్యంతరాలన్నీ నేనే టైపు చేశాను. "పై విషయమును పురస్కరించుకొని" అని మొదలుపెట్టి, కట్టడం చెక్కుచెదరలేదనీ, ఇంకో వందేళ్ళు నిలుస్తుందనీ రాశాను. సంతకం చేసేవాళ్ళు పెరిగిపోయి మెషీన్లో ఇంకు అయిపోయింది. చాచా మాత్రం చెయ్యలేదు. పొద్దున చాయ్ తాగుతాడు, కాగితం ముందు పెడితే చదివించుకుంటాడు, "చెక్కుచెదరలేదు" దగ్గరికి రాగానే మొహం తిప్పుకుంటాడు. "జర ఆగు బిడ్డా" అంటాడు. ఇలా రోజూ. నాకసలే ఓపిక తక్కువ. ఒక రోజు కాగితం బల్ల మీద కొట్టి అనేశాను.

"ఏంది చాచా, మ్యూజియం పని నీ కొడుక్కు ఇస్తమన్నరా ఏంది?"

ఆయన సాసరు కింద పెట్టాడు. లేచి వెళ్ళిపోయాడు. చాయ్ సగం అలాగే ఉంది. ఎంత పని ఉన్నా ఆయన చాయ్ వదిలేసి పోవడం నేనెప్పుడూ చూడలేదు. అయినా నా కోపం తగ్గలేదు. నేనన్నది నిజమే కాబట్టి ఉడుక్కున్నాడనుకున్నాను.

విచారణ రోజు కచేరీ ముందు షామియానా వేశారు. పెద్ద ఆఫీసరు వచ్చాడు, ఆయన వెంట హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు. టెంటులో వాళ్ళంతా లేచి వచ్చారు. నేను అభ్యంతరాల కట్ట పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. ఇంజనీరు ఏమీ వాదించలేదు. వరండాలోకి పోయి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, సిమెంటు పూతలో ఒక పగులు చూసి గోడలోకి గుచ్చాడు. తడి పిండిలోకి దిగినట్టు పిడిదాకా దిగింది. పక్కనే చేత్తో తడితే పలక మందాన పెచ్చు ఊడి కింద పడింది. "చూశారు కదా. ఎప్పుడు ఎవరి మీద పడుతుందో తెలియదు. సెంటిమెంటుతో రాస్తే సరిపోదమ్మా" అన్నాడు, నా చేతిలో కట్ట వైపు చూసి. నాకు తల కొట్టేసినట్టయింది. చెక్కుచెదరలేదని నలుగురి చేతా సంతకాలు పెట్టించింది నేనే కదా.

అప్పుడు వెనక నుంచి చాచా లేచాడు.

"సారూ, తప్పు గోడది గాదు. నాది."

"మీరెవరు?"

"ఆ సిమెంటు పూసినోన్ని."

ఆయన కొడుకు కూడా అక్కడే ఉన్నాడు, "అబ్బా, కూసో" అని చెయ్యి పట్టుకుని లాగాడు. చాచా చెయ్యి విడిపించుకుని ముందుకు వచ్చాడు.

"శాన ఏండ్ల కింద కచేరీకి మరమ్మతు వచ్చింది. మా అబ్బా డంగు సున్నం మనిషి. సున్నం గోడకు సున్నమే పుయ్యాలె, సిమెంటు పూస్తే దాని ఊపిరి ఆగుతదని చెప్పి చెప్పి పోయిండు. నేను ఇనలే. సున్నం అంటే నానవెట్టాలె, గానుగ తిప్పాలె, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలపాలె. నెల దినాల పని. సిమెంటు నాలుగు దినాల్ల అయిపాయె. నున్నగ వచ్చింది, అందరు శభాష్ అన్నరు, నేను గూడ గదే అనుకున్న. భూమిల నీళ్ళు గోడకు ఎక్కుతయి సారూ. సున్నంల కెల్లి మళ్ళ బయటికి పోతయి. నేను తొవ్వ మూసిన. నీళ్ళు లోపల్నే ఉండి సున్నం పిండి అయింది."

"దీనికి రుజువేమిటి?" అన్నాడు ఇంజనీరు.

"గా నోటీసు బోర్డు ఇప్పియ్యుండ్రి."

అందరం అటు చూశాం. "అప్పుడు గా బోర్డు ఇప్పాలంటే ఎనిమిది మేకులు పీకాలె. నాకు బద్దకమైంది. దాని సుట్టూత పూసి ఇడిసిపెట్టిన" అన్నాడు చాచా, తల వంచుకుని. అంత పెద్ద మేస్త్రి తన బద్ధకం గురించి ఊరందరి ముందు చెప్పుకుంటుంటే నాకు భూమిలోకి పోవాలనిపించింది. బల్ల మీద వదిలేసిన సగం చాయ్ గుర్తొచ్చింది.

అటెండరు, టెంటులోంచి ఇద్దరు కలిసి మేకులు పీకారు. కూల్చివేత నోటీసుతో సహా బోర్డు కిందికి దిగింది. దాని వెనక బూజు, రెండు బల్లిగుడ్లు, వాటి వెనక తెల్లటి గోడ. కోడిగుడ్డు పెంకులా మెరుస్తోంది. ఇంజనీరు దగ్గరికి పోయి స్క్రూడ్రైవరు గుచ్చబోయాడు. అది జారింది. ఇంకా బలంగా నొక్కాడు. సన్నని గీత పడింది, అంతే. ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, వేళ్ళతో ఆ గోడను తడిమి, చాచా వైపు తిరిగి "ఇది ఎవరు పూశారు?" అని అడిగాడు. "మా తాత" అన్నాడు చాచా.

కచేరీ దక్కింది. ముసాఫిర్‌ఖానా దక్కలేదు. దాని పైకప్పు ఏనాడో పోయింది, దాని తరఫున సాక్ష్యం చెప్పే బోర్డు ఏదీ లేకపోయింది. రెండు రోజుల్లో నేలమట్టం చేశారు. మ్యూజియమూ రాలేదు. ఇప్పుడక్కడ ఆటోలు ఆపుతున్నారు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

విచారణ మర్నాడు చాచా వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. చాయ్ పోశాను. "చాచా, నేను గా మాట అనకపోవాల్సింది" అన్నాను. సాసరు వైపే చూస్తూ, "మంచిదే అన్నవు బిడ్డా. లేకుంటె ఇంకో నాలుగు దినాలు సోంచాయించుకుంట కూసుంటుంటి. గప్పటికి గోడ ఉండకపోవు" అన్నాడు. నాకు ఏడుపొచ్చి జిరాక్సు మెషీను వెనక్కి పోయాను.

విచారణలో ఒప్పుకున్న మాట మాత్రం ఆయనకు ఊరికే పోలేదు. "మా పాత ఇంటికి గూడ సిమెంటే పూసినవు గద మేస్త్రీ" అని ఇంటి మీదికి వచ్చినవాళ్ళున్నారు. కొడుకు చేతికొచ్చిన పని ఒకటి పోయింది. మూడు నెలలు తండ్రితో మాట్లాడలేదు. వచ్చినవాళ్ళందరికీ చాచా ఒకటే చెప్పాడు, "అవ్ పూసిన, తప్పయింది, గీకిపిస్త." అలా అంటూనే, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని కచేరీ గోడల సిమెంటు చెక్కడం మొదలుపెట్టాడు. ఆ కాగితమూ నేనే టైపు చేశాను. ఒక ఎండాకాలమంతా ఉలి చప్పుడు, టెంటులోంచి పాటల చప్పుడు కలిసి నా దుకాణంలోకి వచ్చేవి. సున్నం గానుగ తిప్పడానికి మనిషి దొరక్కపోతే ఒక పొద్దున కొడుకే వచ్చి గానుగ దగ్గర నిలబడ్డాడు. చాచా బెల్లం నీళ్ళు అందించాడు.

బోర్డును మాత్రం మళ్ళీ పెట్టనివ్వలేదు. "గా ముక్క కనవడాలె" అన్నాడు.

గోడంతా బాగుపడింది గానీ ఆ ముక్క కింద, నేలకు దగ్గరగా ఒక మూల తడి పోలేదు. అక్కడ అన్నింటికంటే ఎక్కువ నీళ్ళు తాగిందట. రోజూ రోడ్డు దాటి చెయ్యి మర్లేసి పెట్టేవాడు. "ఇంక ఉన్నది" అంటూ చాయ్‌కి వచ్చేవాడు. ఢిల్లీ నుంచి ఇవ్వాళ ప్రకటన వస్తుంది, రేపు వస్తుంది అని టెంటులో ఎదురుచూసిన రోజుల్లో నవ్వుతూ అనేవాడు, "తెలంగాణ ముందుగాల వస్తదో, గోడ ముందుగాల ఆర్తదో చూద్దాం బిడ్డా."

ఈ చలికాలం ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. దవాఖాన నుంచి ఇంటికి, ఇంటి నుంచి దవాఖానకు. జీవితమంతా పీల్చిన సున్నం, సిమెంటు ఊరికే పోతాయా? మంచం దిగలేక పొద్దున్నే ఫోన్ చేసేవాడు. "ఆరిందా బిడ్డా?" దుకాణంలో జనం, చేతిలో కాగితాలు. "ఆరింది చాచా" అనేదాన్ని. "చెయ్యి మర్లేసి పెట్టినవా?" "పెట్టిన చాచా." ఒక్కరోజు కూడా రోడ్డు దాటలేదు. చేయని పని చేశానని ఆయనకు అబద్ధం చెప్పాను. ఈ కాగితం మీద ఒప్పుకుంటున్నాను, ఆయన ఊరందరి ముందు ఒప్పుకున్నాడు కాబట్టి నాకు ఈ మాత్రం ధైర్యం వచ్చింది.

మధ్యాహ్నం జనాజా ఈ రోడ్డు మీదుగానే పోయింది. టెంటులో మైకు ఆపేశారు, అందరూ లేచి నిలబడ్డారు. ముందు భుజం పట్టినవాడు కొడుకు. నేను దుకాణం మెట్టు మీద నిలబడి, కళ్ళు చేత్తో తుడుచుకుంటూ, మలుపు తిరిగేదాకా చూశాను.

తర్వాత రోడ్డు దాటాను. ఆ మూల దగ్గర కూర్చుని చెయ్యి మర్లేసి గోడకు పెట్టాను. తడి తగిలింది. ఇన్నాళ్ళూ ఆరిందని చెప్పానే, ఆయన అదే నమ్మి పోయాడే అనుకున్నాను. చెయ్యి తీసి చూసుకున్నాను. ఇందాక కళ్ళు తుడుచుకున్నది ఆ చేతి వెనక భాగంతోనే.

కొంగుతో చెయ్యి గట్టిగా తుడుచుకున్నాను. మళ్ళీ పెట్టాను. చాలాసేపు అలాగే ఉంచాను. అవతల టెంటులో మైకు మళ్ళీ మొదలైంది.

గోడే ముందు ఆరింది, చాచా.