నేను మార్చిన ఓటు

నా భార్యకు కూడా చెప్పని మాట ఇది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఇన్నేళ్లుగా గుండెల మీద బండలా ఉంది. ఇక మోయలేను.

ఎనభైల చివర్లో గల్ఫ్‌లో, ఇబ్రి అనే ఊళ్లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైపిస్టుగా చేరాను. మేనేజరుది మా ఊరే. ఆయన తాతగారు తెల్లదొరల కాలంలో మద్రాసులో శాసనసభ్యుడు. ఆ పెద్దమనిషి జీవితం మీద చిన్న పుస్తకం వేయాలని, నా తెలుగు బాగుంటుందని, మేనేజరు ఒక పెట్టెడు కాగితాలు నా ముందు పెట్టారు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు. నిజంగానే అన్నారు. తప్పు ఆయన మీదికి తోయలేను.

చదువుతూ పోయాను. ఆ తాతగారు సభలో కాలవలు అడిగారు, బడులు అడిగారు, దొరలను నిలదీశారు. తర్వాత ఊరి బావులు అన్ని కులాలకూ తెరవాలన్న తీర్మానం వచ్చింది. ఆయనే డైరీలో రాసుకున్నారు: ‘తటస్థముగా నుంటిని.’ అంతే. మా ఊరి బావి దగ్గర మా నాన్న చిన్నప్పుడు ఖాళీ కుండతో నిలబడి, పైకులం వాళ్లెవరైనా వచ్చి జాలిపడి నీళ్లు పోసేదాకా ఎండలో కాచుకునేవాడు.

అది తెలిసీ నేనేం రాశాను? ‘తీర్మానాన్ని గట్టిగా బలపరిచారు’ అని రాశాను. ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. నా ఫ్యామిలీ వీసా కాగితం మేనేజరు టేబుల్ మీద సంతకం కోసం పడి ఉంది, అంతే. ఆ పేజీ చదివి ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఆ వారమే సంతకం పెట్టారు. ఛీ, ఎంత చవగ్గా అమ్ముడుపోయాను!

తొంభైలలో కంపెనీ నన్ను అక్కడే అల్ ఖౌద్ అనే ఊరికి మార్చింది. నాన్న విజిట్ వీసా మీద వచ్చాడు. ఒక శుక్రవారం ఆ పుస్తకం ఆయన చేతికి చిక్కింది. ఇంట్లో ఎవరైనా ఆ శాసనసభ్యుడి పేరెత్తితే ఉమ్మేసే మనిషి, కూడబలుక్కుని ఆ పేజీ అంతా చదివాడు.

“ఈయన మన బావి కోసం మాట్టాడాడంట్రా?”

“అలాగే రాసుంది కదా నాన్నా.”

“మరి మాకెవరూ చెప్పలేదేరా! ఆ మారాజుని బతుకంతా తిట్టుకున్నానే. తప్పైపోయింది.”

అట్ట మీది ఫోటోకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? కొడుకుగా నా మర్యాద పోతుందని భయం. ఊరికి వెళ్లిన ఏడాదికే ఆయన పోయాడు. ఆయన కోపం న్యాయమైన కోపం. అదొక్కటీ ఆయన సొంతం. దాన్ని కూడా నేనే లాక్కున్నాను.

చెప్పేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు.

నాన్నా, ఆయన మన కోసం మాట్లాడలేదు. చెయ్యి కూడా ఎత్తలేదు. ఆ అబద్ధం రాసింది నీ కొడుకే.