తాతగారు ఆగిన చింతచెట్టు

బస్సు గోకవరం దాటేసరికి నా అరచేతులు చెమర్చడం మొదలైంది. ఎవరూ చూడకుండా పంచె మీద తుడుచుకుని నిటారుగా కూర్చున్నాను. మా ఇంట్లో మగవాళ్ళు సీటుకి వీపు ఆనించి కూర్చోరు. ఎస్టేటు పోయి, రాజమండ్రిలో రెండు గదుల అద్దె వాటాలోకి దిగినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

భయానికి కారణం వారం కిందట నేను పెట్టిన సంతకం. రాళ్ళ క్వారీ మనిషి ఒకడు మా ఇంటికి వచ్చాడు. "అది మీ తాతగారి కొండ కదండీ. కొండరెడ్లు దాన్ని ఊరుమ్మడి అడవని రాయించుకుంటున్నారు. మీరు చూస్తూ ఊరుకుంటారా అండి?" అన్నాడు. డబ్బు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బయటికి పంపేవాణ్ణి. 'మీ తాతగారి కొండ' అన్న మాట విని ఎన్నో ఏళ్ళయింది. కొండ మొదటి నుంచీ మా సొంతమనీ, వాళ్ళు మా అనుమతితో తిరిగినవాళ్ళేననీ రాసిన కాగితాన్ని చదివే సంతకం చేశాను.

రెండు రోజులకి ఆ కొండ మీది ఊరి నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది అటవీ హక్కుల కమిటీ కార్యదర్శి, డిగ్రీ చదివిన కొండరెడ్డి కుర్రవాడు. "కొండంతా ఊరి పేర పట్టా అడుగుతున్నాం సార్. మా వాళ్ళు కాని పెద్దవాళ్ళు ఎవరైనా గ్రామసభలో హద్దు చెబితే సాక్ష్యం అవుతుందండి. పాత దొరల ఇంట్లో మీరే మిగిలారు." రానంటే ఎందుకని అడుగుతాడు. వస్తానన్నాను. క్వారీ మనిషికి ఆ సంగతి ఎలా తెలిసిందో, వెంటనే ఫోన్ చేశాడు. "వెళ్ళి మన మాటే చెప్పండి. తేడా వస్తే బాగోదండి."

బస్సు దిగి నడిస్తే కొండ మొదట్లో పెద్ద చింతచెట్టు ఉంది. అది దాటాక ఫోనుకి సిగ్నల్ పోయింది. అక్కడి నుంచి ఎదురైన ప్రతి మొహంలోనూ నా సంతకం సంగతి తెలుసా అని వెతుక్కుంటూ ఎక్కాను.

సభలో అందరూ నేల మీద కూర్చున్నారు. నాకు మాత్రం ప్లాస్టిక్ కుర్చీ వేశారు. బోనులో కూర్చున్నట్టే ఉంది. సాక్ష్యం కాసేపైనా వాయిదా పడుతుందని, "ఊరి పేర అంటే ఎవరి వాటా ఎంత?" అని అడిగాను.

ముందు వరసలో ఎనభై దాటిన ముసలమ్మ నవ్వింది. "వాటా ఏంటి బాబూ? చింతపండు దులిపే రోజు ఊరంతా ఒక్కసారే ఎక్కుతాం. ముందు ఎక్కినోడే దొంగ."

అందరూ నవ్వారు. 'దొంగ' అన్న మాట నన్నే అన్నట్టనిపించింది.

"నీ తాతని నేను చూశాను. నువ్వూ అలాగే కూర్చున్నావు, కర్ర మింగినట్టు. ఆయన చింతచెట్టు దాటేవోడు కాదు. చలిజొరం అంటుకుంటాదని బయం. గుర్రం మీదే ఉండి, ముక్కుకి గుడ్డ కట్టుకునేవోడు. తేనె, చీపుర్లు మేమే దింపి ఇచ్చేవోళ్ళం. ఏం దొరా, అబద్దమా?"

తుపాకీ పట్టుకున్న తాతగారి ఫోటో ఇప్పటికీ మా గోడ మీద ఉంది. ఆయన ఆ కొండ మీద పులిని కొట్టారని ఊరందరికీ చెప్పిన నోరు నాది. కానీ నా చిన్నప్పుడే నానమ్మ ఒకసారి గొంతు తగ్గించి చెప్పింది: "మన్యం అంటే ఆయనకి గుండె జారిపోయేదిరా. చెట్టు దగ్గర నుంచే వెనక్కి వచ్చేసేవారు. ఎక్కడా అనకు." ఎక్కడా అనలేదు.

కార్యదర్శి పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. చెబితే తాతగారి పరువూ, నా పరువూ ఒక్కసారే పోతాయి. చెప్పకపోతే నా కాగితం పట్టాలిచ్చే ఆఫీసుకి చేరుతుంది, కొండ మీదికి మిషన్లు వస్తాయి. లేచి, కుర్చీ పట్టుకుని నిలబడ్డాను.

"రాయండి. మా తాతగారు చింతచెట్టు దాటి ఎన్నడూ రాలేదు. మా ఎస్టేటు అక్కడే ఆగింది. పైనున్నదంతా ఈ ఊరిది." కార్యదర్శి రాసేదాకా ఆగాను. "ఇంకొకటి కూడా రాయండి. కొండ మాదేనని వారం కిందట ఒక కాగితం మీద సంతకం చేశాను. అది అబద్ధం."

ఎవరూ నవ్వలేదు. "ఎవరికిచ్చారు సార్?" అన్నాడు కార్యదర్శి. చెప్పాను.

వెనక నుంచి ఒకాయన లేచాడు. "ఇంత చేసినోణ్ణి కిందకి పోనిస్తామా?"

ముసలమ్మ చెయ్యి ఊపింది. "పోనీండ్రా. ఆ క్వారీవోడు కిందే ఉన్నాడు. ఈయనకి ఆ బయం చాలదా? ఇద్దరు తోడెళ్ళండి, మన హద్దు దాకా."

రాసింది చదివి వినిపించాక సంతకం చేశాను.

తోడొచ్చిన ఇద్దరూ నా వెనకే నడిచారు. చింతచెట్టు దగ్గర ఆగిపోయారు. నేను దాటి పదడుగులు వేశానో లేదో ఫోను మోగింది. క్వారీ మనిషి. ఎత్తలేదు. ఆగి మళ్ళీ మోగింది. బస్సు కోసం రోడ్డు పక్కన నిటారుగానే నిలబడ్డాను గాని, దుమ్ము లేపుకుంటూ ఏ కారు వచ్చినా చేతులు పంచె మీద తుడుచుకుంటూనే ఉన్నాను.