అక్క బండికి వేసిన ట్రాన్సిస్టర్

నా రాత కోడి గీకినట్టు ఉంటుంది. బుగ్గారం బడిలో ఏడో తరగతి దాకానే చదివాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. తప్పులుంటే మీరే దిద్దుకొని చదవండి, ఏమీ అనుకోకండి. మా అక్క పోయింది. ఇంకా నెల కూడా కాలేదు. సిరిసిల్లలో, సాంచాల కార్ఖానా గడప ముందర, తన బ్యాటరీ బండి మీద కూర్చొని పోయింది. మరమగ్గాలను అక్కడ సాంచాలు అంటారు. అవి నడుస్తున్నంత సేపు ఎవరికీ తెలియలేదు. ఆమె రోజూ అట్లనే కళ్లు మూసుకొని కూర్చునేది. కరెంటు పోయి మోత ఆగితే అందరూ చాయకు లేచారు. ఆమె కళ్లు తెరవలేదు.

అక్క ఆ కార్ఖానాలోనే నలభై ఏళ్లు నూలు కండెలు చుట్టింది. మోకాళ్లు పోయి మంచం పట్టాక, కోరుట్లలో ఒకరింట మూలకు పడి ఉన్న నాలుగు చక్రాల బండిని నేనే అడిగి తెచ్చి ఇచ్చాను. నాది కోరుట్లలో రేడియోల మరమ్మతు. ఇప్పుడు రేడియోలు తెచ్చేవాళ్లు లేరు, మిక్సీలు చూస్తుంటాను.

బండి వచ్చిన మర్నాటి నుంచి అక్క పొద్దున్నే రోడ్డు దాటి కార్ఖానాకు పోయేది. పని చేయడానికి కాదు. వినడానికి.

"పెద్దమ్మా, ఇంట్ల టీవీ లేదా? ఈ మోతల ఏం కూసుంటవ్?" అని ఒక పనాయన ఆట పట్టించాడు.

"టీవీల అందరు ఏడుస్తనే ఉంటరు. ఇవి ఏడువయి. ముందుగాల నీ మూడో సాంచ సూడు, పోగు తెగింది," అన్నది అక్క, కళ్లు తెరవకుండానే.

ఆయన పోయి చూశాడు. తెగింది.

నేను కూడా ఒకటి రెండుసార్లు పక్కన కూర్చున్నాను. ఆ మోత కొంతసేపటికి మోతలా ఉండదు. రేకుల మీద వాన పడుతుంటే కింద పడుకున్నట్టు ఉంటుంది. ఆ వాన అవతల మా అమ్మ ఎవరితోనో మెల్లగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నేను లేచి చూశాను కూడా. అక్క నవ్వి, "నీకు గూడ ఇనవడ్డదా?" అన్నది. నేను మళ్లీ కూర్చున్నాను.

ఒకరోజు బండి రోడ్డు నడుమ ఆగిపోయింది. అక్క బిడ్డ, నా మేనకోడలు, ఫోన్ చేస్తే బస్సెక్కి పోయాను. సీటు కింద చిన్న డబ్బా ఉంటుంది. మీట ఎంత నొక్కితే మోటారుకు అంత కరెంటు వదిలేది అదే. విప్పి మీటరు పెట్టాను. ఒక ట్రాన్సిస్టర్ కాలింది. మినపగింజంత మచ్చ. మిగతా బోర్డు బాగానే ఉంది. అక్క లోపల మంచం మీద ఉంది. కోడలు నా పక్కన కూర్చొని గొంతు తగ్గించింది.

"మామా, నీ కాళ్లు మొక్కుత, బాగు కాదని చెప్పు."

"గదేం మాట బిడ్డా?"

"ఆటో జానెడు దూరంల ఆగింది మామా. నా కండ్ల ముంగటనే. మల్ల గా రోడ్డు మీద అమ్మను నేను సూడలేను."

ఆమె ఏడుస్తుంటే కాదనలేకపోయాను. లోపలికి పోయి, "బోర్డు మొత్తం కాలిందక్కా, ఇగ కాదు," అన్నాను.

అక్క గోడ వైపు తిరిగి అన్నది:

"బాగు కాని రేడియో ముంగట నువ్వు నాలుగొద్దులు కూసుంటవ్ తమ్మీ. అన్నం సల్లారుతది, మరదలు తిడుతది, అయినా లేవవు. ఇయ్యాల గంటల లేచినవ్. అంటె అది బాగయ్యేదే."

నేను మీటరు వైర్లు చుట్టుకుంటూ నిలబడ్డాను.

"నీ కోడలు ఏడ్సిందా? ఏడువని. దాని బయం దానిది. కని తమ్మీ, ఈ మంచంల నేను దినాం పోతున్న. గాడనైతె ఒక్కపారే పోత."

మర్నాడు జగిత్యాలలో నాలుగు దుకాణాలు తిరిగితే ఆ నంబరు దొరికింది. రెండు తీసుకున్నాను. అవి జంటగా పని చేస్తాయి, ఒకటి కాలితే రెండోదానికి కూడా దెబ్బ తగిలే ఉంటుంది. అక్క మంచం పక్కనే బోర్డు పెట్టుకొని పాతవి ఊడదీశాను. ఆమె టార్చి పట్టింది. నేను గబగబా లాగబోతే, "నిమ్మలంగ. తొందరపడ్డ చేతికే ముడివడ్తది," అన్నది. కండెలు చుట్టేటప్పటి మాట అది. కొత్తవి అతికి, డబ్బా మూసి, తాళం తిప్పాను. చక్రాలు కదిలాయి. వేగం అన్నిటికంటే తక్కువకు పెట్టి కోడలికి చూపించాను. ఆమె విసురుగా లోపలికి పోయింది. కానీ మర్నాటి నుంచి హ్యాండిల్ పట్టుకొని తల్లిని రోడ్డు దాటించి, కార్ఖానా దాకా దిగబెట్టి వచ్చేది. నాలుగు నెలలు అట్లా నడిచింది.

అక్కను ఇంటికి తెచ్చిన రోజు కోడలు అన్నది: "నువ్వు బాగు చెయ్యకుంటె అమ్మ నా చేతులల్ల పోతుండె మామా." గుండె ఎక్కడున్నా ఆగేదేనని డాక్టరు చెప్పాడు. అయినా ఆ మాట మోయలేకనే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

పదో రోజు మళ్లీ పోయాను. బండి ముందు గదిలో ఉంది. కార్ఖానా నుంచి తెచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లనే ఉంది. హ్యాండిల్ మీద, సీటు అంచుల మీద తెల్లగా దూది నూగు. నడుమ అక్క కూర్చున్న మేర మాత్రం నల్లగా, ఏమీ పడకుండా ఉంది. కండువాతో దులపబోయాను. కోడలు నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ మామా."

లేచి, గాలి రాకుండా తలుపు దగ్గరికి వేసింది.

నేను చేసింది మీకెట్లా తోస్తుందో. మీ ఇంట్లో అయితే ఏం చేసేవారో. రెండు ముక్కలైనా సరే, జల్ది జవాబు రాయండి.