మునెప్ప గోడ మీది జర్మన్

1999లో కుప్పంలోని ఒక గ్రానైటు ఫ్యాక్టరీ జర్మనీ నుంచి రాయి కోసే యంత్రం తెప్పించుకుంది. దాన్ని విప్పి బిగించడం నేర్చుకోవడానికి ఒక ఫిట్టర్‌ను అక్కడికి పంపుతామనీ, బెంగళూరులో జర్మన్ పరీక్ష గట్టెక్కినవాడే విమానం ఎక్కుతాడనీ యాజమాన్యం ప్రకటించింది. ఫిట్టర్ మునెప్పకు ఆ యంత్రం మీద మనసు పడింది. మాటలు మాత్రం బుర్రలో నిలవలేదు. పొద్దున నేర్చినవి టిఫిను వేళకే ఎగిరిపోయేవి.

అందుచేత ఆయన మాటకొక గుర్తు కనిపెట్టి, వీధివైపు ప్రహరీ మీద బొగ్గునీళ్లతో గీయసాగాడు. తాళంచెవి, కుర్చీ, నిచ్చెన సులువుగానే లొంగాయి. 'ఫీలైష్ట్' లొంగలేదు. దాని అర్థం 'బహుశా'. దీర్ఘ తపస్సు తర్వాత, రెండు కాళ్లు గడపకు లోపల, రెండు బయట పెట్టిన కుక్క సిద్ధించింది. 'అయినా సరే' అనే 'ట్రోట్స్‌డేమ్' కోసం, వానలో గొడుగు ముడిచి చంకన పెట్టుకుపోయే మనిషి వెలిశాడు. పళ్లపొడి వేలితో గోడకు ఎదురుగా నిలబడి ఆయన ఒక్కో బొమ్మను పేరు పెట్టి పిలుస్తుంటే భార్య రాజమ్మ తల పట్టుకునేది.

"ఆ కుక్కను గీసే పొద్దుకు మాటను నూరుసార్లు సదవొచ్చు గదా!"

"మాట మరిసిపోతాను. కుక్కను మరవలేను."

"నన్ను మరిసి శానా దినాలయింది. నన్నూ యాడన్నా గియ్యి."

అంతలో ఎన్నికలొచ్చాయి. పరీక్షకు ముందురోజు ఎన్నికల డ్యూటీ గుమాస్తా, సున్నం బక్కెట్లు పట్టిన ఇద్దరు మనుషులతో దిగాడు. అనుమతి లేని గుర్తులు గోడల మీద ఉండరాదని ప్రజాస్వామ్యం కఠినంగా నిర్ణయించి ఉంది.

"ఒక్క గోడ మీద ఇన్ని గుర్తులా! ఎంతమంది ఇండిపెండెంట్లకు బాడుగకిచ్చినావప్పా?"

"ఓట్ల గుర్తులు కావు సార్, జర్మన్."

"ఆ పార్టీ మా లిస్టులో లేదే. ఈ కుక్క ఎవురిది?"

"ఎవురిదీ కాదు సార్. అది 'బహుశా'."

"బహుశా ఏంది? ఎవురిదో కరెక్టుగా సెప్పు!"

మునెప్పకు రోషం వచ్చింది. గోడ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడుస్తూ, ఒక్కో గుర్తునూ తట్టి, జర్మన్లో పేరు, తెలుగులో అర్థం తడుముకోకుండా చెప్పాడు. ఎదుటి టీ అంగడి రెడ్డెప్ప గ్లాసులు కడగడం ఆపి విన్నాడు. గుమాస్తా కూడా చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"బాగా వచ్చేసిందే నీకు! ఇంగ గోడతో పనేముండాది?" అని మనుషులకు సైగ చేశాడు.

రాజమ్మ గబగబా ముందుకొచ్చింది. "వంటింట్లో గూడా ఉండాయి సార్, రాండి."

మరునాడు బెంగళూరులో రాతపరీక్ష సజావుగానే సాగింది. మౌఖికంలో పరీక్షకురాలు ముఖంలోకి చూసి ప్రశ్న అడిగేసరికి మునెప్ప నాలుక కదల్లేదు. చివరికి కుర్చీ తిప్పుకుని, ఆమెకు వీపు పెట్టి, తెల్లటి గోడకేసి చూస్తూ జవాబులన్నీ గడగడా అప్పజెప్పాడు. ఇటు తిరగమని ఆమె ఎన్నిసార్లు బతిమాలినా తిరగలేదు.

ఆమె ఆయనను అంచు మార్కులతో పాసు చేసి, 'భాష వచ్చును. ఎదుట ఉన్న మనిషితో మాట్లాడడం రాదు' అని కింద జర్మన్లో రాసింది.

మునెప్ప చేత ఆ వాక్యానికి అర్థం చెప్పించుకుని రాజమ్మ నిట్టూర్చింది.

"ఇదే మాట పెండ్లయిన కాణ్నుంచీ నేను సెప్తానే ఉండాను. ఆమె సెప్తే సర్టిఫికెట్టంట!"