సర్వర్లు వాటంతటవే లేచిన ఆదివారం

మా సిస్టమ్స్ అక్క పోయిందని మొన్న పొద్దున చిత్తూరు నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసింది. నిద్రలోనే పోయిందట. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు అక్క గొంతులోని హుషారే చెవిలో మోగింది. అందుకే ఇది మొహం వేలాడేసుకుని రాయను. ఆమెకు నచ్చదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో తిరుపతిలో ఒక ఆసుపత్రి కంప్యూటర్ గదిలో మేమిద్దరమే ఉండేవాళ్లం. ఆమె నాకు పైఅధికారి. మేడం అంటే పలికేది కాదు, అక్కా అంటేనే తల తిప్పేది. ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు, మందుల కౌంటరు, అన్నీ నాలుగు యూనిక్స్ సర్వర్ల మీదే నడిచేవి. సిస్టమ్‌లో లోపాలు సరిచేసే కొత్త ప్యాచ్‌లు వేయాలంటే సీడీ పట్టుకుని ఒక్కోదాని ముందు కూర్చుని, అది అడిగినదానికల్లా జవాబు కొట్టాలి. ఏదో ఒకదాంట్లో ఏదో ఒకటి మరిచేవాళ్లం.

"ఇదేం కర్మబ్బా, అన్నింటికీ అదే మాట సెప్పుకుంటా కూసోడం. ఒగసారి రాసిపెడితే సాలదా?" అంది ఒకరోజు.

అన్నంత పనీ చేసింది. ఒక పాత మిషన్లో కొత్త సిస్టమూ ప్యాచ్‌లూ అన్నీ పెట్టి, ఏ సర్వర్‌కు ఏ పేరు, ఏ డిస్కు ఎలా విడగొట్టాలి అన్నది ముందే రాసింది. సర్వర్ ఆన్ కాగానే నెట్‌వర్క్ మీద ఆ పాత మిషన్‌ను అడిగి, అంతా తెచ్చుకుని, మన చెయ్యి తగలకుండా తనే ఇన్‌స్టాల్ అయిపోవాలి. ముందు తన బల్ల మీది మిషన్‌తోనే చేసి చూసింది. "సెడితే నాదే సెడనీ" అనేది ఎప్పుడూ. తెర మీద లైన్లు వాటంతటవే పరిగెత్తుతుంటే కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు మాత్రం నమ్మకం కుదరలేదు. "సోమవారం పొద్దున కౌంటర్లు తెరుసుకోకపోతే ఈ పద్ధతి మానుకోవల్లమ్మా. మళ్లా సీడీలే" అన్నాడు.

"అట్లే సార్" అంది అక్క, తొణక్కుండా.

ఓపీ లేని ఆదివారం పొద్దున రోగుల వివరాలన్నీ జాగ్రత్తకు టేపుకెక్కించి, ఆ వివరాలున్న డిస్కులు మాత్రం విప్పి పక్కన పెట్టాం. నాలుగు సర్వర్లూ ఒకేసారి నెట్‌వర్క్ నుంచి లేచి, పాత మిషన్ నుంచి అన్నీ తెచ్చుకోసాగాయి. నాకైతే ఈల వేయాలనిపించింది. అన్నీ పూర్తిచేసుకుని, రీస్టార్ట్ అయి, మళ్లీ మొదటినుంచీ ఇన్‌స్టాల్ కావడం మొదలుపెట్టాయి.

"అక్కా, మళ్లా ఎక్కించుకుంటాండాయి."

"ఆగు, సూడనీ."

రెండోసారీ అంతే. నాకు చెమటలు పట్టాయి, ఆమెకు నవ్వు పట్టుకుంది. తన బల్ల మీది మిషన్‌తో చేసి చూసినప్పుడు, నెట్‌వర్క్ నుంచి లేవమని ఆ ఒక్కసారికే చేత్తో టైప్ చేసింది, అందుకే తర్వాత అది తన డిస్కు నుంచే లేచింది. సర్వర్లకు మాత్రం, పదేపదే వాటి దగ్గరికి తిరగడమెందుకని, ఎప్పుడూ నెట్‌వర్క్ నుంచే లేవమని పెట్టేశాం.

"పాపం, మనం సెప్పిందే సేస్తాండాయబ్బా. ఇంక సాలు, మీ డిస్కు నుంచి లేయండని ఎవురూ సెప్పలా."

ఇన్‌స్టాల్ చివర నడిచే ఆదేశాల జాబితాలో, అదే స్క్రిప్టులో, ఆ ఒక్క లైనూ చేర్చింది. ఈసారి ఒకదాని వెంట ఒకటి నాలుగూ వచ్చి, బుద్ధిగా లాగిన్ అడిగాయి. నా వీపు మీద ఒక్క చరుపు చరిచింది. నా ఉద్యోగంలో అంత సంతోషమైన దెబ్బ మళ్లీ తినలేదు. తర్వాత డిస్కులు బిగించి, అన్నీ సరిచూసి ఇళ్లకు పోయాం.

సోమవారం నేను వచ్చేసరికి ఆమె పై అంతస్తులోని మా గదిలో లేదు. వెతుక్కుంటూ కిందికి పోతే ఓపీ వరుసలో, రోగుల మధ్య నిలబడి ఉంది.

"ఈడేం చేస్తాండావక్కా? పైన్నించి చూస్తే తెలీదా?"

"పైన బాగానే ఉండాది. ఈళ్ల సేతికి సీటీ రావల్ల గదా. అప్పుడే మన పని అయినట్టు."

ఎన్ని ఉద్యోగాలు మారినా నేను ఆ మాట మీదే బతికాను. పని అయిందనుకున్నాక, అది ఎవరికోసమో వాళ్ల పక్కకు పోయి నిలబడి చూస్తాను. అది ఆమె పెట్టిన భిక్ష.

ఆ సోమవారం కౌంటరు షట్టర్ లేచింది. లోపల ప్రింటర్ గరగరమంది. ఆమె ముందు ఎవరో పెద్దాయన, మోచేతి దాకా కట్టుతో. మా అక్క మునివేళ్ల మీద లేచి, ఆయన భుజం మీదుగా కౌంటరు లోపలికి తొంగిచూస్తోంది.