నీరు పీల్చిన తెప్ప

నా చిన్నప్పుడు మా తాతయ్య తెప్పను ఎండబెట్టడం నా పని. మా ఉద్దానం తీరంలో తెప్ప అంటే తాళ్లతో కట్టిన నాలుగు దుంగలే. చేపల వేట నుంచి రాగానే కట్లు విప్పి, దుంగల్ని ఎండలో పరిచి, పొద్దుగూకేలోగా మళ్లీ కట్టాలి. లేకపోతే అవి నీరు పీల్చి బరువెక్కుతాయి. మనిషిని మొయ్యవు.

ఒక మధ్యాహ్నం కట్లు విప్పకుండానే బడికి పరుగెత్తాను. మాస్టారు చచ్చిపోయిన ఒక ఇంగ్లీషు మాట గురించి చెబుతున్నారు. 'స్వీర్' అట. వెయ్యేళ్ల కిందట దానికి బరువని అర్థం. తర్వాత బరువుగా కదిలేవాణ్ణి, చెయ్యడానికి మనసు రానివాణ్ణి అలా అనేవారట. చివరికి ఇంగ్లండువాళ్లు మరిచిపోయారు. స్కాట్లండు ముసలివాళ్ల నోట మాత్రం మిగిలింది. ఆ కథలో పడి చీకటి పడ్డాక ఇల్లు చేరాను.

"తెప్ప ఎండెట్టినావేటిరా?" అని తాతయ్య అడిగాడు. ఎండబెట్టానన్నాను.

తెల్లారేసరికి ఒడ్డంతా మంచు. అలల చప్పుడు ఎక్కడో భూమి లోపలి నుంచి వస్తున్నట్టుంది. పక్కింటాయనతో కలిపి ముగ్గురు పట్టినా తెప్ప లేవలేదు.

"రేత్రి గంజి తాగనేదేటి మావా?" అని పక్కింటాయన నవ్వాడు.

"నాకేటి. దీనికే రావడం ఇట్టం నేదు."

తాతయ్య దుంగకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. తర్వాత నావైపు చూశాడు. ఒక్క మాట చెబితే ఆయన ఆగిపోయేవాడు. నా నాలుక లేవలేదు. ఎలాగో ఈడ్చి నీళ్లలో దించారు. పక్కింటాయన తన తెప్ప వైపు వెళ్లిపోయాడు. తాతయ్య మంచులో కలిసిపోయాడు.

కాసేపు తెడ్డు చప్పుడు వినిపించింది. తర్వాత అదీ లేదు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మంచులోంచి తెప్ప ఒక్కటే వచ్చింది. సగం మునిగి, నెమ్మదిగా, ఎవరో కింద నుంచి తోస్తున్నట్టు వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది. దాని మీద మనిషి లేడు. నేను ఇసుకలో కూలబడి, ఎండబెట్టలేదని, అబద్ధమాడానని ఆ దుంగలతోనే చెప్పుకుని ఏడ్చాను.

వెనక నుంచి చల్లటి తడిచెయ్యి భుజం మీద పడింది. తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు.

"ఎత్తినప్పుడే తెలిసిందిరా గుంటడా. నువ్వే సెప్తావని సూసినాను. అలల్లోనే దూకీసి ఈదొచ్చినాను. ఆ మాటేదో ముందే సెప్పుంటే నానిలా తడిసీవోణ్ణి కాదు కదా."

ఆయన నన్ను కొట్టలేదు. ఇద్దరం కలిసి కట్లు విప్పాం.

ఇంత వయసొచ్చినా తప్పు ఒప్పుకోవలసిన చోట నా నాలుక బరువెక్కుతుంది. అప్పుడు ఎవరూ పలకని ఆ పాత మాట గుర్తొస్తుంది, భుజం చల్లబడుతుంది, ఎలాగో నోరు విప్పుతాను. ఒక్కసారి, మా ఆవిడ దగ్గర, ఆలస్యం చేశాను. ఆమె పోయాక మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆ రోజు వెనక నుంచి ఏ చెయ్యీ పడలేదు.