పక్కింటివారికి అందింది

ఆ యాప్‌లోని తెలుగు మాటలన్నీ నేను రాసినవే. ‘బయలుదేరింది’, ‘దారిలో ఉంది’, ‘ఈరోజు వస్తుంది’. పార్శిల్ ఎక్కడి దాకా వచ్చిందో ఫోనులో చూపించే యాప్ అది. అరకు నుంచి పెదబయలు దాకా కొండ ఊళ్ళకు పార్శిళ్ళు చేరవేసే చిన్న కంపెనీ ఒకటి విశాఖపట్నంలో దాన్ని తయారుచేసుకుంది. మొదట్లో పెట్టిన తెలుగు ఎవరికీ అర్థం కావడం లేదని, దాన్ని బాగుచెయ్యమని నన్ను పిలిచారు. అరకులో ఏళ్ళ తరబడి తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. మూఢనమ్మకాల మీద బడుల్లో, సంతల్లో ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని. నేను మార్చిన మాటల్లో ఒకటి, ఒక ముసలమ్మకు ఆమె గూడెంలోనే నిలువ నీడ లేకుండా చేసింది. ఆ సంగతి దాచుకోకుండా రాయాలని కూర్చున్నాను.

కంపెనీ ఆఫీసు ఒక ఫ్యాన్ల దుకాణం పైన రెండు గదులు. పెద్ద కంప్యూటరుకి నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి వేలాడదీశారు. అది ఎవరి దిష్టి అని అడిగాను. యాప్ పనంతా చూసే ఇంజినీరు శ్రీకాకుళం వైపు అమ్మాయి, మహా చురుకైనది. "ఉండనియ్యండి మేడమ్, అదేటి కరెంటు తాగుతుందా?" అంది.

"కొండవాళ్ళు చిల్లంగిని నమ్ముతారని రేపు మీరే నవ్వుతారు," అన్నాను. మంత్రం పెట్టి మనిషిని మంచాన పడేస్తారని, ప్రాణం తీస్తారని ఒక భయం. దాన్నే ఇక్కడ చిల్లంగి అంటారు. చదువుకున్నవాళ్ళు నిమ్మకాయ కట్టుకుని, చదువు లేనివాళ్ళ చిల్లంగిని వెక్కిరించడం నాకు ఎప్పుడూ మండే విషయం. ఆ అమ్మాయి నవ్వింది. నిమ్మకాయ అక్కడే ఉంది.

వాళ్ళ అసలు చిక్కు సిగ్నల్. పార్శిల్ ఇచ్చేటప్పుడు తీసుకునేవాళ్ళ ఫోనుకి ఒక నంబరు రావాలి, అది చెబితేనే లెక్క ముగిసేది. గూడేలలో ఫోను మోగదు, నంబరు రాదు. అందుకని నంబరు లేకపోయినా ఎవరికి ఇచ్చారో నొక్కితే చాలునని ఒక చిన్న జాబితా పెట్టారు: ‘స్వయంగా’, ‘కుటుంబసభ్యులకు’, ‘ఇతరులకు’. ఆ మూడో మాట దగ్గర నేను ఆగిపోయాను.

"ఇతరులంటే ఎవరు? ఇది గాలిలో ఉన్న మాట. దయ్యాలు కాపురం ఉండేది ఇలాంటి మాటల్లోనే."

"ఏటండీ మేడమ్, ఒక్క మాట కోసం పొద్దున్నించీ కూర్చున్నాం. ఇంకా నలభై ఉన్నాయి."

"పక్కింటివారికి అని పెట్టు. ఎవరో తేలిపోతుంది."

పెట్టింది. నా జీవితమంతా నేను పోరాడింది ఇలాంటి స్పష్టత కోసమే గనక, ఆ సాయంత్రం బస్సులో గర్వంగానే కొండెక్కాను.

పెదబయలు దాటాక, రోడ్డు దిగి, గెడ్డ అనే కొండవాగు దాటి నడిచి వెళ్ళే గూడెం ఒకటి ఉంది. అక్కడ ఒక కాఫీ రైతు, అతని భార్య, ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదివే కూతురు నాకు బాగా తెలుసు. ఒకసారి వాళ్ళ బడిలో నేను మాట్లాడుతుండగానే ఆ పిల్ల మూర్ఛ వచ్చి పడిపోయింది. గూడెంలో జబ్బులకి కారణం చెప్పే దిసారి, పిల్ల మీద ఎవరి కన్నో పడిందన్నాడట. ఆ తండ్రితో నేను మూడుసార్లు వాదించాను. చివరికి పిల్లని విశాఖ తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాం. మాత్రలు మొదలుపెట్టాక మూర్ఛలు ఆగాయి. పిల్లని హాస్టలు మాన్పించి ఇంటి దగ్గరే ఉంచుకున్నారు; నెలనెలా ఆ మాత్రలు ఇంటికే పార్శిల్‌లో వచ్చేవి. "కంటికి కనిపించిందే నమ్ము" అని తండ్రికి చెప్పాను. అతను నమ్మాడు. దిసారి దగ్గరికి వెళ్ళడం మానేశాడు.

వాళ్ళ ఇల్లు గూడెం చివర, వాలులో విడిగా ఉంటుంది. దాని పక్కన ఒకే ఒక్క ఇల్లు. అందులో ఒంటరిగా ఒక ముసలమ్మ, అడ్డాకులు విస్తళ్ళుగా కుట్టి సంతకి ఇచ్చుకునేది. చాలా కాలం కిందట ఒకే వర్షాకాలంలో ఆమె భర్తా కొడుకూ జ్వరంతో పోయారు. చిల్లంగి పెట్టి ఇద్దరినీ తనే తినేసిందని అప్పటినుంచీ గుసగుస. ఆమె గెడ్డకి వస్తే మిగతా ఆడవాళ్ళు బిందెలు సగం నిండగానే ఎత్తుకుని వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను. దాని మీద కూడా మాట్లాడాను. అందరూ మర్యాదగా విన్నారు. ఎదురు చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎదురు చెబితే వాదించేదాన్ని. ఆ మర్యాదతో ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

వానలు ముదిరిన ఒక వారం, రైతు ఫోను చేశాడు. సిగ్నల్ అందే ఘాట్ మలుపు దాకా నడిచి వచ్చి చేస్తున్నాడు.

"టీచరమ్మా, మాత్రలు రాలేదు. మా గుంటకి నిన్న రెండుసార్లు మూర్ఛ వచ్చీసింది."

"పార్శిల్ ఎక్కడుందో ఫోనులో చూశావా?"

"సూసినాను. మొన్న ఈ మలుపు కాడే ఫోనుకి వచ్చినాది, ఇంటికెల్లినాక గుంటే సదివి సెప్పినాది. పక్కింటివారికి అందింది అని ఉన్నాది."

"మరి అడిగావా ఆవిడని?"



"అడగడం దేనికి టీచరమ్మా. మాకు పక్కిల్లు ఒకటే గదా," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. లైను తెగిపోయింది.

ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ‘అడిగావా’ అన్నది నేను. తెర మీద ఉన్నది నిజమా అని నాకు అనుమానం రాలేదు. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోనని ఊరూరా చెప్పినదాన్ని, ఆ ముసలమ్మే తీసుకుందని ఒక్క క్షణం నేనూ నమ్మాను. పట్నంలో పక్కిల్లంటే ఎదురు వాటా, పై వాటా, ఎవరైనా కావచ్చు. ఆ వాలులో ఆ మాటకి అర్థం ఒకే ఒక మనిషి. నేను కోరుకున్న స్పష్టత అంతా వచ్చి ఆ ఇంటి గుమ్మంలో కూర్చుంది.

ఆ దారిలో పార్శిళ్ళు ఇచ్చే అతన్ని అరకులో పట్టుకున్నాను. నలభై ఏళ్ళవాడు, ఆ కొండల్లోనే పుట్టినవాడు. చల్లగా చెప్పాడు.

"గెడ్డ పొంగిపోనాది టీచరమ్మా. ఇవతల కొట్టులో ఎట్టీసినాను. సంతకొచ్చి తీసుకుంటాడులే అని."

"మరి పక్కింటివారికి అని ఎందుకు నొక్కావు?"

"కొట్టు అని అందులో ఉందేటి? మొన్నటిదాకా ఇతరులకు అని ఉండీది, ఎప్పుడూ అదే నొక్కీవోణ్ణి. ఎవులో తెలివైనోలు దాన్ని తీసీసినారు. ఏదోటి నొక్కకపోతే, పార్శిల్ ఇవ్వనేదని ఆఫీసులో నా పేరు ఎర్రగా వచ్చీస్తాది."

ఆ తెలివైనవాళ్ళెవరో చెప్పాను. తల దించుకుని బండి తాళాలు తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కొట్టుకి వెళ్ళాం. ఉప్పు బస్తాల వెనక, ఒక మూల తడిసి, పార్శిల్ భద్రంగానే ఉంది. గెడ్డ తగ్గింది. మంచులో ఒకరి వెనక ఒకరం దాటాం. పిల్ల చాప మీద పడుకుని ఉంది, నాలుక కొరుక్కుని పెదవి వాచింది. తల్లి మాత్ర వేసింది. నేను పక్కింటికి వెళ్ళాను.

ముసలమ్మ ఆకులు కుడుతోంది. గుమ్మం ముందు ఎవరో బూడిదతో అడ్డంగా గీత గీశారు. దాన్ని చూపించి ఏమిటని అడిగాను. ఆమె దాని వైపు చూడకుండానే ఇంకో ఆకు అందుకుంది.

"నాకు సదువు రాదు టీచరమ్మా. ఆ ఫోనులో నా మీద ఏటి రాసినారో సదివి సెప్పు."

చెప్పాను.

"అది ఎవులు రాసినారు?"

"నేనే రాశాను."

పుల్ల గుచ్చుతున్న చెయ్యి ఆగింది. "నన్ను సూడకుండానే రాసీసినావా?" అని అడిగి, మళ్ళీ కుట్టుకోసాగింది.

నాతో అరకు వచ్చెయ్యమన్నాను. సంతకి కట్టలు ఇవ్వాలి, రానంది. ఇంకోసారి అడగాల్సింది. అడగలేదు. ఊరివాళ్ళకి నిజం చెబితే సరిపోతుందనుకున్నాను. నిజం చెబితే సరిపోతుందన్నది నా నమ్మకం. ఇప్పుడు ఆలోచిస్తే దానికీ రుజువేమీ లేదు.

రైతు ఇంటి ముందు గూడెం జనం చేరారు. పార్శిళ్ళతను అందరి ముందూ నిలబడి, తనే తప్పు నొక్కానని, ముసలమ్మ దాన్ని ముట్టనైనా ముట్టలేదని చెప్పాడు. రైతు అంతా విన్నాడు.

"నువ్వు అబద్ధం నొక్కితే ఫోను ఎలాగ ఒప్పుకున్నాది?"

"ఫోనుకేటి తెలుస్తాది మావా. ఏది నొక్కితే అదే."

"అయితే టీచరమ్మ దిసారిని మానిపించీసి, ఏటీ తెలీనిదాన్ని నమ్మమన్నాదా మమ్మల్ని?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు. నవ్వినవాళ్ళలో ఒక్కరూ పక్కింటి వైపు చూడలేదు. అంతమంది, అంత దగ్గరలో, ఒక్కరూ.

మలుపు దగ్గరికి వచ్చి ఇంజినీరుకి ఫోను చేశాను. ఆ అమ్మాయి విని భయపడింది. ఆ పూటే నా మాట తీసేసి ‘ఇతరులకు’ మళ్ళీ పెట్టింది, ‘కొట్టులో ఉంచాం’ అని కొత్తగా చేర్చింది. "కానీ మేడమ్, ముగిసిపోయిన పార్శిల్ మీద పాత వరస చెరపలేం. కింద ఇంకో వరస రాయగలను, అంతే." ‘మీకు అందింది’ అని రాసింది. మలుపు దాకా నాతో వచ్చిన రైతు ఫోనులో అది అక్కడే వచ్చి పడింది. రెండు వరసలూ చదివి వినిపించాను.

"సూడు టీచరమ్మా. ముందు ఆవిడికి అందినాది. మీరొచ్చినాక మాకు అందినాది. వరసగా ఉన్నాది గదా."

"పార్శిల్ కొట్టులో ఉంది. నా చేత్తో తీశాను."

"కొట్టులోకి ఎలా ఎల్లిందో ఆవిడికే తెలియాల," అన్నాడు. ఇంకో గంట వాదించాను. చివర్లో "సరే టీచరమ్మా" అన్నాడు, ఎప్పటి మర్యాదతోనే.

వానలు వెళ్ళి, కొండవాలుల్లో వలిసె చేలు పసుపుగా పూసే రోజుల్లో మళ్ళీ వెళ్ళాను. పార్శిళ్ళు వేళకి వస్తున్నాయి. పిల్ల ఇంటి ముందు చేటలో చోళ్ళ గింజలు చెరుగుతోంది, ముఖం కళకళలాడుతోంది. తండ్రి నాకు పీట వేశాడు.

"ఆవిడ ఎల్లిపోనాక గుంటకి ఒక్కసారీ రాలేదు టీచరమ్మా."

పక్కింటి తలుపుకి తాడు చుట్టి ఉంది. గుమ్మంలో అడ్డాకుల కట్టలు కట్టినవి కట్టినట్టే ఉండి, వానకి నల్లగా కుళ్ళిపోయాయి.

"మాత్రలు వేళకి అందుతున్నాయి గనక రాలేదు," అన్నాను. "ఆవిడ ఎక్కడికి వెళ్ళింది?"

"తమ్ముడి ఊరికి."

"ఏ వైపు?"

అతను ఒడిశా కొండల వైపు చెయ్యి చాపాడు. అదే క్షణంలో, గుమ్మంలో నిలబడిన అతని భార్య గెడ్డ కిందివైపుకి చెయ్యి చాపింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు చూసుకున్నారు. మెల్లగా దించుకున్నారు. పిల్ల చేట వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఠాణాకి వెళ్ళి, ఒక మనిషి కనిపించడం లేదని చెప్పాను. కాగితం ఇచ్చి రాయమన్నారు. వయసు రాశాను, ఊరు రాశాను. అనుమానం ఎవరి మీద అని ఒక గడి ఉంది. నా దగ్గర ఉన్నది రెండు వైపులకి చాచిన రెండు చేతులు, అంతే. పెన్ను పట్టుకుని ఆ గడి ముందు చాలాసేపు కూర్చున్నాను. కానిస్టేబులు రెండుసార్లు వచ్చి, బేగి రాసిమ్మని అడిగి వెళ్ళాడు.